లావు, ఠావు, నీవే, రావే: ఒక శార్దూల పద్యం నడక

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు ఆశీస్సులు. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ముందు పద్యం వినిపిస్తాను. రాగం తీయను, మాట మాటగా చదువుతాను.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షించు భద్రాత్మకా!

పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడనే ఏనుగు విష్ణువుకు పెట్టుకున్న మొర ఇది. నేను చదువుతుంటే మీలో చాలామంది పెదవులు కదిలాయి. భాగవతం పుస్తకం ఎన్నడూ విప్పనివాళ్ళకు కూడా ఈ పద్యం వచ్చు. మోకాళ్ళ నొప్పులతో పీట మీంచి లేస్తూ మా అమ్మమ్మ "లావొక్కింతయు లేదురా నాయనా" అనేది. ఆ మాట పోతనదని ఆమెకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. బమ్మెర పోతన పదిహేనో శతాబ్దం కవి. ఆయన మాట వంటింటి మాటయి కూర్చుంది.

నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. పరీక్షలో ఈ పద్యపాదం ఒకటిచ్చి గురులఘువులు గుర్తించండి, గణవిభజన చేయండి, పద్యం పేరు రాయండి, యతిస్థానం రాయండి అని అడుగుతాం. పిల్లలు "మసజసతతగ శార్దూలం, సభరనమయవ మత్తేభం" అని పాటలాగా పాడుకుంటూ నేర్చుకుంటారు. తప్పులేదు, అది కావలసిన పనే. కానీ ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. "మాస్టారూ, ఏనుగు ఏడుస్తోంది కదా. ఆ ఏడుపు ఏ గణంలో ఉంది?"

ఆరోజు నేను జవాబు చెప్పలేకపోయాను. బల్లమీద రాసిన గణాలవైపు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇవాళ మీతో చెప్పబోయేదంతా ఆ పిల్లకు ఆరోజే చెప్పవలసిన జవాబు.

ముందు లెక్క చూద్దాం. శార్దూలవిక్రీడితంలో పాదానికి పంతొమ్మిది అక్షరాలు. మగణంతో మొదలవుతుంది, అంటే వరసగా మూడు గురువులు. లా, వొ, క్కిం. ఠా, వుల్, ద. నీ, వే, త. రా, వే, యీ. ప్రతి పాదమూ మూడు బరువైన అడుగులతో మొదలవుతుంది. ఇక పాదం చివర చూడండి. త, త, గ. గురువు గురువు లఘువు, మళ్ళీ గురువు గురువు లఘువు, ఆ పైన ఒక గురువు. రెండో పాదం చివర విడగొట్టి చదువుతాను: డస్సెన్ శ్ర, మంబయ్యె, డిన్. నాలుగో పాదం: రక్షించు, భద్రాత్మ, కా. రెండు పెద్ద ఊపిరులు, ఒక చిన్న ఊపిరి. మళ్ళీ రెండు పెద్దవి, ఒక చిన్నది. ఎగశ్వాసతో మాట్లాడే మనిషి మాట ఇలాగే ఉంటుంది.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. శార్దూలం అంటే ఆయాసమే అని చెప్పేస్తే అబద్ధమవుతుంది. ధూర్జటి కాళహస్తీశ్వర శతకం నిండా శార్దూలాలూ మత్తేభాలే. అక్కడ కోపం ఉంది, ఎత్తిపొడుపు ఉంది, వేడుకోలు ఉంది. వృత్తం ఒక వాయిద్యం లాంటిది. ఏ రాగం పలికించాలన్నది చేతిలో ఉంటుంది. కాబట్టి గణాలు ఏవో చూశాక, ఆ గణాల మీద కవి మాటను ఎలా పరిచాడో చూడాలి. ఎక్కడ వాక్యం ముగించాడు, ఎక్కడ పాదం దాటించాడు, ప్రాస స్థానంలో ఏ మాట కూర్చోబెట్టాడు. ఏడుపు దాక్కునేది అక్కడ.

ప్రాసతో మొదలుపెడతాను. పాదంలో రెండో అక్షరం ప్రాస. ఇక్కడ వకారం. ఆ నియమం తీర్చడానికి మొదటి మాటలు ఏవి వచ్చాయి? లావు, ఠావు, నీవే, రావే. పిల్లలూ, ఈ నాలుగు మాటలే వరసగా చదవండి. లావు అంటే ఇప్పుడు మనం ఒళ్ళు లావు అనుకుంటాం. పాత తెలుగులో లావంటే బలం. ఠావు అంటే చోటు. మన పల్లెల్లో తావు అనే మాట ఇంకా ఉంది, కాగితాలకు ఠావులు అనడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బలం లేదు. ప్రాణం చోటు తప్పింది. నువ్వే. రా. పద్యం మొత్తం చెరిపేసి ఆ నాలుగు మాటలు ఉంచినా కథ అర్థమవుతుంది. ప్రాస కోసం మాట వెతికినట్టు లేదు. చెప్పవలసిన నాలుగు మాటలకూ వకారం ముందే ఉన్నట్టుంది.

ఇక యతి. పిల్లలకు ఇది చిక్కుగా ఉంటుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. సంస్కృతంలో యతి అంటే ఆగడం. శార్దూలంలో పన్నెండు అక్షరాల తర్వాత మాట విరగాలి, మిగిలిన ఏడూ తర్వాత రావాలి. తెలుగులో మనం అక్కడ ఆగం. పదమూడో అక్షరానికి మొదటి అక్షరంతో స్నేహం కలుపుతాం. యతిమైత్రి అనే మాట ఎంత చక్కనిదో చూడండి! మొదటి పాదంలో లా, లం. రెండో పాదంలో ఠా, డ. ఇవి రెండూ టవర్గంవి కనుక చెల్లింది. మూడో పాదంలో నీ, న్నిం. నాలుగో పాదంలో రా, ర.

ఇప్పుడు ఆ పదమూడో అక్షరం మాటలో ఎక్కడ పడిందో వినండి. "విలోలం" అన్న మాట మధ్యలో పడింది. "మన్నింప" మధ్యలో పడింది. "సంరక్షించు"లో సం తర్వాత పడింది. ఈ మూడు చోట్లా సంస్కృత కవి అయితే యతిభంగం అని దోషం పట్టేవారు. తెలుగులో అది దోషం కాదు సరికదా, మాట ఆగకుండా ముందుకు పోయే వీలు దొరికింది. ఒక్క రెండో పాదంలోనే పన్నెండు అక్షరాల దగ్గర మాట నిజంగా తెగుతుంది. "దనువున్" అని ఆగి, "డస్సెన్" అంటాం. ఒళ్ళు అలిసిపోయిందని చెప్పే చోటే గొంతు కూడా ఆగుతుంది. మిగతా మూడు పాదాల్లో ఆగనివాడు అక్కడ ఆగాడు. పోతన లెక్కపెట్టుకుని చేశాడని నేననను. ఆయనకు సహజ పాండిత్యుడని పేరు. చెవికి తెలిసిన పని చెయ్యి చేసి ఉంటుంది.

వాక్యాలు లెక్కపెడదాం. లావు లేదు, ఒకటి. ధైర్యం చలించింది, రెండు. ప్రాణాలు చోటు తప్పాయి, మూడు. మూర్ఛ వచ్చింది, నాలుగు. ఒళ్ళు డస్సింది, అయిదు. శ్రమ అవుతోంది, ఆరు. రెండు పాదాల్లో ఆరు వాక్యాలు! సమాసం ఒక్కటి లేదు. ఇదే గజేంద్రుణ్ణి అంతకు ముందు వర్ణించేటప్పుడు పోతన ఎంత పొడుగు సమాసాలు వేశాడో, ఆ మొసలి పోరును వర్ణించే వచనం ఎలా ఊపిరాడనివ్వదో భాగవతం తెరిచి చూడండి. వ్యాసభాగవతంలో ఆ పోరు వెయ్యేళ్ళు సాగిందని ఉంది. అంత పోరాడినవాడికి సమాసం కట్టే ఓపిక ఎక్కడిది? చిన్న చిన్న ముక్కలుగా చెప్పగలడు, అంతే.

ఆ ఆరింటిలో మూడోది మళ్ళీ చూడండి. "బ్రాణంబులున్" అని మొదటి పాదం అయిపోయింది. క్రియ రాలేదు. "ఠావుల్ దప్పెను" అని రెండో పాదంలో వచ్చింది. మిగతా అయిదు వాక్యాలూ తమ పాదంలో తాము ఒదిగి ఉన్నాయి. ఒక్క ప్రాణాల వాక్యమే పాదం అంచు దాటి కింద పడింది. ప్రాణాలు ఠావు తప్పాయని చెప్పే వాక్యమే తన ఠావు తప్పింది. ఈ సంగతి నాకు తట్టిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు నోటితో అన్న పద్యం, అప్పుడు మొదటిసారి విన్నట్టయింది.

ఆరో వాక్యం కాలం కూడా గమనించండి. అయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్. ఇవన్నీ జరిగిపోయినవి. "శ్రమంబయ్యెడిన్" అన్నది మాత్రం ఇప్పుడు జరుగుతున్నది. జరిగినవి చెబుతూ చెబుతూ ఇప్పటి నొప్పి దగ్గరికి వచ్చాడు. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అందుకే తర్వాతి మాట "నీవే".

పాదాల చివరలు వినండి. ప్రాణంబులున్. అయ్యెడిన్. దీనునిన్. మూడూ నకారపొల్లుతో మూసుకున్నాయి. నాలుగోది? భద్రాత్మకా! నోరు తెరిచిన ఆకారం, దీర్ఘం. మూడుసార్లు మూసుకుపోయిన గొంతు నాలుగోసారి తెరుచుకుని అరిచింది. ఆ పిల్ల అడిగిన ఏడుపు నాకు అక్కడ వినిపించింది.

ఇంకొక్కటి చెప్పి ఈ పద్యం నుంచి కదులుతాను. ఈ పద్యంలో "నేను" లేదు. వెతకండి. నా లావు అనలేదు, నా ధైర్యం అనలేదు, నా ప్రాణాలు అనలేదు. "ఎరుగ" అన్న క్రియలో ఉత్తమ పురుష నీడ ఉంది, అంతే. తనను తాను "దీనునిన్" అని ఎవరో పరాయివాణ్ణి చెప్పినట్టు చెప్పుకున్నాడు. ఇది మామూలు సంగతి అనుకోకండి. ఇదే ఏనుగు మొదట ప్రార్థించినప్పుడు ఏమన్నది?

ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందు బరమేశ్వరు డెవ్వడు మూలకారణం
బెవ్వ డనాదిమధ్యలయు డెవ్వడు సర్వము తానయైనవా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్.

ఇది ఉత్పలమాల, పదో అక్షరం యతి. చివర "నే శరణంబు వేడెదన్" అంటున్నాడు. నే అంటే నేను. ఇంకా ఓపిక ఉంది, నేను వేడుతున్నాను అనగలడు. దేవుడు "నువ్వు" కాలేదు, "ఎవ్వడు", "వాడు". ఎవ్వడు అన్న మాట ఏడుసార్లు వచ్చింది. ఒక చిన్న వింత చూపిస్తాను. యతి స్థానంలో పడిన మాటలు నాలుగు పాదాల్లో వరసగా ఏవి? ఎవ్వని. పరమేశ్వరుడు. ఎవ్వడు. ఈశ్వరుని. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ప్రాస స్థానంలో నాలుగుసార్లూ "ఎవ్వ" అనే ప్రశ్నే కూర్చుంది, పాదం నడుమ మాత్రం ఒకటి విడిచి ఒకటి ఈశ్వరుడు వచ్చాడు. వెతికేవాడికి నడుమ నడుమ దొరికినట్టు!

ఆ తర్వాత కొంతదూరం పోయాక అనుమానం వచ్చింది. కంద పద్యం.

కలడందురు దీనులయెడ
గలడందురు పరమయోగి గణములపాలం
గలడందు రన్నిదిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో!

ఇంత చిన్న పద్యంలో కలడు అన్న మాట ఆరుసార్లు, లేడు అన్నది ఒక్కసారి. మూడుసార్లు "అందురు". వాళ్ళంటారు, వీళ్ళంటారు. విన్న మాటే, చూసింది కాదు. కందానికి ఒక కట్టడి ఉంది, రెండో పాదమూ నాలుగో పాదమూ గురువుతో ముగియాలి. ఆ గురువులో పోతన "ఓ" అన్న అనుమానాన్ని పెట్టాడు. లేడో! నియమం ప్రకారం సాగదీయవలసిన అక్షరమే, మనసు సాగదీస్తున్న అక్షరం కూడా. ఆరు కలడులు గెలిచాయని అనుకోబోతుంటే చివరి అక్షరం తేల్చనివ్వదు.

ఇప్పుడు వరస పెట్టండి. మొదట ఎవ్వడు. తర్వాత కలడో లేడో. ఆ తర్వాత నీవే. మొదటి పద్యంలో ప్రాస స్థానంలో "ఎవ్వ", శార్దూలంలో అదే స్థానంలో "నీవే". ద్విత్వం పోయి వకారం ఒంటిగా మిగిలింది. నేను అన్నది వెళ్ళిపోయింది, వాడు అన్నది నువ్వయింది. శరణాగతి గురించి పెద్దలు ఎన్నో గ్రంథాలు రాశారు. నాకు మాత్రం ఈ సర్వనామాల మార్పులోనే అది అర్థమయింది.

ఏనుగు పిలిచింది. ఇక అవతలి ఒడ్డు చూద్దాం.

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరః ప్రాంతేందుకాంతోపలో
త్పలపర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వలనాగేంద్రము పాహిపాహి యన గుయ్యాలించి సంరంభియై.

మత్తేభవిక్రీడితం. పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగోది యతి. పిల్లలు ఈ గణాలను శార్దూలంతో సంబంధం లేనట్టు వేరుగా వల్లిస్తారు. ఒక రహస్యం చెబుతాను, ఇంటికి వెళ్ళి రాసి చూసుకోండి. శార్దూలంలో మొదటి గురువు ఒక్కదాన్ని రెండు లఘువులుగా విడగొట్టండి, మిగతా అంతా అలాగే ఉంచండి. మత్తేభం వచ్చేస్తుంది! ఉత్పలమాలకూ చంపకమాలకూ ఇదే చుట్టరికం. "లా" అన్న ఒక బరువు "అల" అని రెండు తేలిక అడుగులయింది. నీళ్ళలో కూరుకున్న ఏనుగు కాలు దగ్గర్నుంచి మేడ మీద పూలపాన్పు దగ్గరికి వెళ్ళడానికి ఛందస్సులో పడిన తేడా ఒక్క గురువు.

ఈ పద్యం నడక ఎలా ఉందో చూడండి. ఎవరో ఊళ్ళో దారి చెబుతున్నట్టుంది. అల్లదిగో ఆ ఊళ్ళో, నగరిలో, అంటే రాజుగారి కోటలో, ఆ మూల మేడ దాపల. దాపల అంటే దగ్గర అని వ్యాఖ్యానాలు చెబుతాయి. నాగలికి ఎద్దులు కట్టినవాళ్ళకు దాపటెద్దంటే ఎడమపక్క ఎద్దని తెలుసు, ఆ దిక్కు చూపే రుచి కూడా మాటలో ఉంది. ఇంతవరకూ తేట తెలుగు. ఆ పైన మందారవనం, అందులో అమృతసరస్సు, దాని ఒడ్డు, ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువపూల పాన్పు, ఆ పాన్పు మీద లక్ష్మితో వినోదం. ఇదంతా ఒకే సమాసం. బయటినుంచి లోపలికి, తలుపు తర్వాత తలుపు తెరుచుకుంటూ పోయింది. చదివేవాడికి తొందర లేదు, ఎందుకంటే అక్కడున్నవాడికి ఇంకా తొందర లేదు.

పాదాల చివర ఏమయింది? దా/పల. ఉపలో/త్పల. వి/హ్వల. మూడు పాదాలూ మాట మధ్యలో విరిగాయి. శార్దూలంలో ఒక్క వాక్యం పాదం దాటితే అది జారిపడటం. ఇక్కడ ప్రతి పాదమూ దాటుతుంటే అది పారే నీరు. మూడో పాదం చివర "వి" అని ఆగితే ఏం రాబోతోందో తెలియదు. నాలుగో పాదంలో "హ్వలనాగేంద్రము" అని ఏనుగు వచ్చి పడింది. "కుయ్యి" అంటే మొర. కుయ్యో మొర్రో అంటాం చూడండి, ఆ కుయ్యే. కుయ్యి ఆలించాడు. "సంరంభియై" అని పద్యం ముగిసింది.

ముగిసిందా? వాక్యం ముగియలేదు. ఈ పద్యంలో సమాపక క్రియ లేదు. నాలుగు పాదాలు, ఎనభై అక్షరాలు చదివాం, ఆయన ఏం చేశాడో కవి చెప్పలేదు. తొందరపడినవాడై... అని ఆపేశాడు. కాలు లేచింది, అడుగు ఇంకా పడలేదు. ఆ అడుగు తర్వాతి పద్యంలో పడుతుంది.

సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్కనొత్తడు వివాదప్రోత్థితశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై.

ఇదీ మత్తేభమే. అవే గణాలు, అదే యతి. ముందు పద్యం నిలకడగా ఉంది, ఇది పరుగెత్తుతోంది. వృత్తానికి ఒక భావం కట్టిపెట్టి ఉండదని ఇందాక అన్నానే, దానికి ఇంతకన్న సాక్ష్యం వద్దు. పక్కపక్కనే ఉన్న రెండు మత్తేభాలు, నడక పూర్తిగా వేరు. తేడా క్రియల్లో ఉంది. ముందు పద్యంలో ఒక్క సమాపక క్రియ లేదు. ఇందులో ఆరున్నాయి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరూ వ్యతిరేక క్రియలే. లక్ష్మికి చెప్పలేదు. శంఖచక్రాలు చేతబట్టలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు. చెవి మీదికి జారిన జుట్టు సరిచేసుకోలేదు. ప్రణయకలహంలో పట్టుకున్న అమ్మవారి పైటచెంగు కూడా వదల్లేదు. వెళ్ళాడు అన్న మాట మాత్రం పద్యంలో లేదు! చేయనివి ఆరు చెప్పేసరికి మనకు ఆయన వెళ్ళడం కనిపించింది.

నేను లెక్క పెట్టుకుంటే ఇంకోటి కనిపించింది. ఏనుగు శార్దూలంలో చెప్పుకున్నవి ఆరు: లావు, ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ, తనువు, శ్రమ. స్వామి పట్టించుకోనివి ఆరు. ఏనుగుకు ఒక్కొక్కటీ పోయింది, స్వామి ఒక్కొక్కటీ మరిచాడు. ఇది కవి ఉద్దేశమని నేను వాదించను. పద్యం చదివే మనిషిగా నాకు ఆ రెండు ఆరులూ ఎదురెదురుగా నిలబడి కనిపిస్తాయి.

మొదటి క్రియ "సిరికిం జెప్పడు" ఆరక్షరాల్లో అయిపోయింది. చివరిది, పైటచెంగు వాక్యం, పాదం దాటి సాగింది. లక్ష్మి చెంగు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే వాక్యం కూడా వెనక సాగింది. వదలకుండా పరుగెత్తితే అలాగే ఉంటుంది.

ఇక మూలం సంగతి. అష్టమ స్కంధం సంస్కృతంలో ఈ ఘట్టం ఒక్క వసంతతిలక శ్లోకం. "ఛందోమయేన గరుడేన సముహ్యమానః" అంటాడు వ్యాసుడు. ఛందోమయుడైన గరుడుడు మోసుకురాగా, చక్రం ధరించి, దేవతలు స్తుతిస్తూ ఉండగా వచ్చాడు. ఛందస్సంటే ఇక్కడ వేదం. వేదస్వరూపుడైన పక్షి. పోతన ఏం చేశాడు? గరుడుణ్ణీ చక్రాన్నీ పరివారాన్నీ తీసివేయలేదు. వెనక్కి నెట్టాడు. తర్వాతి పద్యంలో "తనవెంటన్ సిరి లచ్చివెంట నవరోధవ్రాతమున్ దానివెన్కను బక్షీంద్రుడు" అని వరస చెబుతాడు. ముందు స్వామి పరుగు. ఆయన వెంట సిరి. ఆమె వెంట అంతఃపురం. ఆ వెనక ఎక్కడో గరుడుడు. వ్యాసుడి స్వామి వాహనం మీద వచ్చాడు, పోతన స్వామి కాలినడకన బయలుదేరాడు. ఛందోమయమైన వాహనం ఎక్కకుండా బయలుదేరిన ఆ స్వామిని పోతన మత్తేభం మీద మన దాకా తెచ్చాడు. ఈ ఒక్క మార్పు కోసం నేను ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

(సభలో ఒకరు అడిగారు: నాటకాల్లో ఈ పద్యాలు రాగయుక్తంగా పాడతారు కదా, అది తప్పంటారా?)

తప్పనను. మా నాన్న చేయి పట్టుకుని తెల్లవార్లూ నాటకాలు చూసినవాణ్ణి. పద్యం జనంలో బతికిందే ఆ గొంతుల వల్ల. నేను కోరేది వేరు. రాగం ఎత్తుకునే ముందు ఒక్కసారి మాటగా చదవండి. రాగం పాదం చివర ఆలాపన చేస్తుంది. "బ్రాణంబులున్..." అని తీసేసరికి వినేవాడు చప్పట్లు కొడతాడు, వాక్యం అక్కడ అవలేదన్న సంగతి మరిచిపోతాడు. ప్రాణాలు ఏమయ్యాయో తెలియకుండానే చప్పట్లు పడిపోతాయి. "బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అని ఒక్క ఊపిరిలో కలిపి చదివి, "దప్పెను" దగ్గర ఆగండి. అప్పుడు పాడండి. పాడినా పద్యం చెడదు.

అమ్మా, మూడో వరసలో నీలం జడరిబ్బను అమ్మాయి, ఇందాక నాతోపాటు మొత్తం పద్యం నోట్లో అన్నావు, చూశాను. లేచి ఒకసారి చదువు తల్లీ. రాగం వద్దు. "మన్నింపందగున్" మధ్యలో యతి ఉందని ఆగకు, మాట విరుగుతుంది. "రావే" దగ్గర గట్టిగా అరవకు, అప్పటికి ఏనుగుకు అంత ఓపిక లేదు. చివరి "కా" మాత్రం ఎంతసేపు ఉండగలవో అంతసేపు ఉండు.

(ఆ అమ్మాయి పద్యం చదివింది.)